కాటా ముల్లు కదలనప్పుడు

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. వయసు 41 సంవత్సరాలు, ఎత్తు 156 సెంటీమీటర్లు. పోయిన దీపావళి నాటికి 78 కిలోలు ఉండేదాన్ని. మధ్యాహ్నం అన్నం తగ్గించి, రాత్రిపూట జొన్నరొట్టెలకు మారి, తెల్లవారుజామున ముప్పావు గంట నడుస్తూ ఐదు నెలల్లో 70 కిలోలకు వచ్చాను. ఆ తర్వాత ఏడు వారాలుగా బరువు అక్కడే ఆగిపోయింది. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే అంతా మామూలుగానే ఉందన్నారు. మా ఆడపడుచు రాత్రి భోజనం పూర్తిగా మానేయమంటోంది. తోటి టీచరు అన్నం బదులు కొర్రలు తినమంటున్నారు. నా శరీరం మొండికేసిందా? ఏం చేయమంటారు?
— ఒక సోదరి, అమలాపురం

జవాబు: ఐదు నెలల్లో మీరు మొదటి బరువులో పదో వంతు తగ్గించారు. రక్తపోటు, రక్తంలో చక్కెర, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) మెరుగుపడటానికి ఐదు నుంచి పది శాతం తగ్గుదలే చాలునని వైద్యులు చెబుతారు కాబట్టి, మీకు రావలసిన లాభంలో పెద్ద భాగం ఇప్పటికే వచ్చింది. మీ బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చెప్పే సూచిక) 32 నుంచి 29 దరిదాపులకు దిగింది. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని లెక్క గనుక ఇంకొంత తగ్గడం మంచిదే గాని, అందుకు తొందరపడవలసిన అవసరం లేదు.

బరువు నిజంగానే ఆగిందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఒంట్లో నీరు ఎక్కువ తక్కువలైనందువల్లనే కాటా మీద ఒకటి రెండు కిలోలు మారిపోవడం మామూలు విషయం. నెలసరి ముందు రోజుల్లోను, ఆవకాయ, అప్పడాల వంటి ఉప్పటి పదార్థాలు ఎక్కువగా తిన్న మర్నాడు, కొత్త వ్యాయామం మొదలుపెట్టిన వారంలోను శరీరం నీటిని పట్టి ఉంచుతుంది. ఆ సమయంలో కొవ్వు కరుగుతున్నా కాటాకు తెలియదు. ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక, ఏమీ తినకముందు, ఒకే కాటా మీద వారంలో మూడు నాలుగు రోజులు చూసుకొని సగటు తీయండి. ఈ వారం సగటును నిన్న మొన్నటి అంకెతో కాకుండా, పోయిన నెలసరి చక్రంలోని ఇదే వారం సగటుతో పోల్చండి. దాంతోపాటు టేపుతో నడుము కొలత కూడా రాసుకోండి. మన దేశపు స్త్రీలకు నడుము 80 సెంటీమీటర్ల లోపు ఉండటం మేలు. నడుము తగ్గుతూ బరువు నిలిచి ఉంటే మీరు చేస్తున్నదాన్ని మార్చవలసిన పని లేదు. రెండూ కదలకపోతేనే ఇది వైద్యులు ప్లాటో అని పిలిచే దశ.

ఇక శరీరం మొండితనం గురించి కొంచెం లెక్క వేద్దాం. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీల చొప్పున చూస్తే, ఐదు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గడానికి మీరు రోజుకు సగటున 400 కేలరీల లోటులో ఉండి ఉంటారు. తొలి వారాల్లో పోయినదాంట్లో నీరూ కొంత ఉంటుంది గనుక ఇది ఉజ్జాయింపు లెక్కే. అయితే తగ్గిన ప్రతి కిలోకు శరీరం రోజువారీ ఖర్చు 20 నుంచి 30 కేలరీల దాకా పడిపోతుంది. 70 కిలోల మనిషి కూర్చున్నా, నడిచినా, మెట్లెక్కినా 78 కిలోల మనిషికి అయినంత ఖర్చు కాదు. పైగా తక్కువ తింటున్నప్పుడు శరీరం కొంత పొదుపు పాటిస్తుంది, మనకు తెలియకుండానే అటూ ఇటూ తిరగడం కూడా తగ్గిస్తాం. ఎనిమిది కిలోలకు ఈ పద్దు 160 నుంచి 240 కేలరీలు అవుతుంది. అంటే మీ లోటులో దాదాపు సగం శరీరమే పూడ్చేసింది.

మిగతా సగం చాలామందికి పూడేది వంటింట్లోనే. దీన్ని నిందగా తీసుకోవద్దు. బరువు తగ్గినకొద్దీ ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ అనే హార్మోను తగ్గి, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. తగ్గిన ఒక్కో కిలోకు ఆకలి రోజుకు వంద కేలరీల మేరకు పెరుగుతుందని అమెరికాలో కెవిన్ హాల్ అనే పరిశోధకుడి బృందం లెక్కగట్టింది. ఖర్చు తగ్గిన దానికన్నా ఆకలి పెరిగింది మూడు నాలుగు రెట్లు ఎక్కువన్నమాట. మొదటి నెలలో కొలిచి వడ్డించుకున్న చేయి ఆరో నెలకు అలవాటుగా ఇంకో అర గరిటె వేస్తుంది. ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పుకున్న కొందరిని న్యూయార్క్ పరిశోధకులు పరీక్షించి 1992లో ఫలితాలు ప్రచురించారు. వారి జీవక్రియ సక్రమంగానే ఉంది గాని, తిన్నామని రాసిచ్చిన దానికి దాదాపు రెట్టింపు తింటున్నట్టు తేలింది. వారు అబద్ధమాడారని నేననుకోను. తిండిని కంటితో అంచనా వేయడం ఎవరికైనా కష్టమే.

మన వంటల్లో ఈ అంచనా అన్నిటికంటే ఎక్కువగా తప్పేది నూనె దగ్గర. మీ ఇంట్లో నలుగురుండి నెలకు నాలుగు లీటర్ల నూనె ఖర్చవుతోందనుకుందాం. అప్పుడు మనిషికి రోజుకు సుమారు 30 గ్రాములు, అంటే 270 కేలరీలు నూనె నుంచే వస్తున్నాయి. నూనెను డబ్బా నుంచి నేరుగా మూకుట్లోకి వంపే అలవాటుంటే దొండకాయ వేపుడుకు మూడు చెంచాలు పడిందో, ఆరు పడిందో వండినవారికే తెలియదు. నెల మొదట్లో మనిషికి అర లీటరు చొప్పున వేరే సీసాలో పోసి పెట్టుకొని, చెంచాతో కొలిచి వాడి చూడండి. కందిపొడి ముద్దలో వేసుకునే నెయ్యి, ఇడ్లీలోకి పల్లీ చట్నీ, స్టాఫ్ రూములో తాగే చక్కెర టీ కూడా ఇదే ఖాతాలోకి వస్తాయి. గుప్పెడు పల్లీలలో 170 కేలరీలు ఉంటాయి. బడిలో హాజరు పట్టీ రాసే ఓపికతో ఓ వారం పాటు నోట్లో వేసుకున్న ప్రతిదీ, తిన్న వెంటనే, రాసిపెట్టండి. సాయంత్రం గుర్తు తెచ్చుకొని రాస్తే ఉపయోగం ఉండదు.

మీ తోటి టీచరు సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చిందే. కొర్రల్లో పీచు ఎక్కువ, కడుపు నిండిన భావన కొంతసేపు నిలుస్తుంది. కాని వండకముందు తూకం వేస్తే బియ్యం, జొన్నలు, కొర్రలు మూడింటిలోనూ వంద గ్రాములకు కేలరీలు 330 నుంచి 350 దాకా ఉంటాయి. రెండు జొన్నరొట్టెలకు వంద గ్రాములకు పైగా పిండి పడుతుంది కాబట్టి, మార్పిడి ఒక్కటే లోటును తెచ్చిపెట్టదు. తినే గింజ ఏదైనా పచ్చిగా ఉన్నప్పుడే కొలవండి.

రాత్రి భోజనం మానేయడం నాకు సమ్మతం కాదు. తెల్లవారుజామున నడిచి, పగలంతా నిలబడి పాఠం చెప్పే మనిషి రాత్రి తినకుండా పడుకుంటే మర్నాడు పది గంటలకు బిస్కెట్ల ప్యాకెట్టు విప్పడం నేను చాలామందిలో చూశాను. భోజనం వేళ కాస్త ముందుకు జరిపి, రొట్టె ఒకటి తగ్గించి, ఆ స్థానంలో గట్టి పప్పు గాని, రెండు గుడ్లు గాని, ఒక గిన్నె పెరుగు గాని పెట్టుకోండి. మాంసకృత్తులు ఆకలిని ఆపుతాయి, బరువుతోపాటు కండ కరిగిపోకుండా కొంత కాపాడతాయి.

నడక మానవద్దు, అయితే దానిమీదే భారం వేయవద్దు. ముప్పావు గంట నడకకు మీకు అదనంగా ఖర్చయ్యేది ఓ 120 కేలరీలు, అంటే రెండున్నర టీ చెంచాల నూనెతో సమానం. వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి చేసే పుషప్‌లు, నీటి సీసాలు ఎత్తడం వంటి కండరాల వ్యాయామం చేర్చండి. మోకాళ్ల నొప్పులుంటే ఫిజియోథెరపిస్టుకు చూపించి మొదలుపెట్టండి.

థైరాయిడ్ మామూలుగా ఉందన్నారు కాబట్టి దాన్ని పదేపదే పరీక్షించనక్కరలేదు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక చికిత్సా మందులు బరువు పెంచుతాయి. అలాంటివేమైనా వాడుతుంటే మీ వైద్యునితో మాట్లాడండి, సొంతంగా మాత్రం మానవద్దు. ఇవన్నీ విసుగనిపిస్తే రెండు మూడు నెలలు 70 కిలోల వద్దే నిలబెట్టుకోవడం కూడా సరైన నిర్ణయమే.

ప్రశ్న: నా వయసు 52. షుగర్ ఉంది. డాక్టరు సలహాతో వారానికోసారి సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటూ 96 కిలోల నుంచి 83కు వచ్చాను. మూడు నెలలుగా తగ్గడం లేదు. మందు పని చేయడం మానేసిందా? ఆపేయవచ్చా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: షుగర్‌కు, బరువు తగ్గడానికి ఇచ్చే ఈ మందు ఇంకా పని చేస్తూనే ఉంది. ఈ మందు మీద జరిగిన 68 వారాల పరీక్షలో షుగర్ లేనివారికి సగటున 15 శాతం బరువు తగ్గింది, ఏడాది దాటాక ఆ తగ్గుదల దానంతటదే నెమ్మదించి ఆగింది. షుగర్ ఉన్నవారిలో సగటు పది శాతం లోపే. మీరు 13 శాతం దాటారు. ఇంజెక్షన్ ఆపినవారు తర్వాతి ఏడాదిలో తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగి పెరిగినట్టు అదే పరీక్ష కొనసాగింపులో కనిపించింది కాబట్టి, ఆపే మాట మీ డాక్టరుతో కూర్చొని తేల్చుకోవలసింది. వారిని మరో సంగతి కూడా అడగండి: దీంతోపాటు గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర గాని ఇన్సులిన్ గాని వాడుతుంటే, 96 కిలోలప్పటి మోతాదు ఇప్పుడు ఎక్కువై చక్కెర బాగా పడిపోయే అవకాశం ఉంది. భోజనానికి ముందు వణుకు, చెమట, గుండెదడ వస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూసి, 70 కన్నా తక్కువ ఉంటే మూడు టీ చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోండి.