పాత వ్యాను కొన్నాను, లోపలే పడుకుంటూ తిరిగే క్యాంపర్‌గా నేనే మార్చుకోవాలి. ముందు బ్యాటరీ కొనాలా, సోలార్ ప్యానెల్ కొనాలా?

రెండూ తర్వాత. ముందు మీ వ్యాను లోపలి రేకును చేత్తో తడిమి చూడండి. తెల్లవారుజామున అది తడిగా ఉంటే మీ అసలు సమస్య కరెంటు కాదు, నీరు.

నాకిది రెండో శీతాకాలంలో తెలిసింది. ఒక తెల్లవారుజామున నుదుటి మీద చుక్క పడి మెలకువ వచ్చింది. ఫ్యాను బిగించడానికి పైకప్పుకు రంధ్రం కోసింది నేనే కాబట్టి అనుమానమంతా దాని మీదికే పోయింది. పైకెక్కి, సందులు మూసే పాత సీలెంట్ గీకి కొత్తది పూశాను. మర్నాడు మళ్లీ చుక్క. మళ్లీ పూశాను. మూడోసారి పూస్తుండగా తట్టింది: వారం రోజులుగా వాన చినుకే లేదు!

లోపలి ప్లైవుడ్ పలకలను జిగురుతో అంటించాను. అందుకని ఒక్కొక్కటీ విరగ్గొట్టి తీయాల్సి వచ్చింది. వెనక చలి ఆపడానికి పెట్టిన గ్లాస్ వూల్‌ను (గాజు పోగుల ఉన్నిని) పిండితే నీళ్లు కారాయి. పైకప్పు అడ్డపట్టీల మీది తుప్పు గోటితో గీకితే పొరలుగా రాలింది. ఆ నీరంతా మాదే. చలి రాకూడదని ఫ్యాను ఆపేసి, కిటికీలు బిగించుకుని ఇద్దరం పడుకునేవాళ్లం. మా ఊపిరిలోని ఆవిరి, గ్యాసు పొయ్యి మండినప్పుడు పుట్టిన ఆవిరి పలకల సందుల్లోంచి వెళ్లి, చల్లటి రేకుకు తగిలి నీరయ్యేది. ఆ నీటిని ఆరనివ్వకుండా ఉన్ని పట్టి ఉంచింది. తుప్పు గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, ప్రైమర్ పూసి, అంతా మొదటి నుంచి చేసుకునేసరికి రెండు నెలలు పట్టింది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, వ్యానులో గ్లాస్ వూల్ పెట్టకండి. నీరు పీల్చని క్లోజ్డ్ సెల్ ఫోమ్ షీట్లను రేకుకు గాలి సందు లేకుండా అంటించండి. రాత్రంతా ఫ్యాను నెమ్మదిగా తిరగనివ్వండి. గాలి లోపలికి వచ్చే దారి లేకపోతే ఫ్యాను ఎంత తిరిగినా ప్రయోజనం లేదు కాబట్టి ఒక కిటికీని వేలెడంత తెరిచి ఉంచండి. రంధ్రం కోస్తే అంచును ఆకురాయితో నునుపు చేసి, రంగు వేసిన తర్వాతే సీలెంట్ పూయండి. పచ్చి రేకు మీద పూసిన సీలెంట్ కింద తుప్పు మొదలవుతుంది.

నాకు బాధ కలిగించేది వీడియోలు. కొత్త చెక్క పలకలు, వరుస దీపాలు చూపిస్తారు. రెండేళ్ల తర్వాత ఒక్క పలక విప్పి వెనక ఏముందో చూపించినవారిని నేను చూడలేదు. కొత్తవాళ్లు ఆ మెరుపు చూసి డబ్బంతా పైపై అందానికి పెడతారు.

ఇక బ్యాటరీ. మొదట్లో రాత్రిపూట మా ఫ్రిజ్జు ఆగిపోయేది. బ్యాటరీ చాలడం లేదనుకుని రెండోది కొన్నాను. అయినా ఆగింది. తప్పు వైరుది. ఫ్రిజ్జు ఐదు మీటర్ల దూరంలో ఉంది, నేను వేసింది 1.5 చదరపు మిల్లీమీటర్ల సన్నని వైరు. పోను రాను 10 మీటర్ల తీగలో 5 ఆంపియర్లకే అర వోల్టుకు పైగా పోతుంది. 12 వోల్టుల్లో అది పెద్ద నష్టం. వోల్టేజీ పడిపోయిందని ఫ్రిజ్జు తనంతట తనే ఆగిపోతోంది. 6 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాక మళ్లీ ఆగలేదు.

100 ఆంపియర్-అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో సుమారు 1,280 వాట్-అవర్లు ఉంటాయి. 45 వాట్ల ఫ్రిజ్జు రోజులో సగంసేపు నడిస్తే 540 వాట్-అవర్లు. ఎండ లేకపోయినా రెండు రోజులు నెట్టుకురావచ్చు. అయితే 0 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయకండి, పాడవుతుంది. ఫ్యూజును బ్యాటరీ పాజిటివ్ కొసకు వీలైనంత దగ్గరగా పెట్టండి. దూరంగా పెడితే ఆ మధ్యనున్న వైరుకు రక్షణ ఉండదు.

పలకలను మాత్రం జిగురుతో కాకుండా స్క్రూలతో బిగించండి. మూసేముందు ప్రతి గోడకూ టేపు ఆనించి, వైర్లు ఎక్కడ పోతున్నాయో కొలతతో సహా ఫొటో తీసిపెట్టుకోండి. ఏడాదికోసారి కిటికీ కింది పలక ఒకటి విప్పి చూడండి. నేను ఇప్పుడు చలికాలం ముగియగానే ఆ పని చేస్తున్నాను.