తుపాకీ అసలుదా కాదా అన్నది తర్వాత చూద్దాం

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. పాత మిలటరీ వస్తువులు సేకరించడం నా సరదా. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా వైపు పనిచేశారు. ఆయన గుర్తుగా హాల్లో పెట్టుకుందామని రెండేళ్ల మూడు నెలల కిందట హైదరాబాద్‌లో ఒక పాత వస్తువుల వ్యాపారి దగ్గర 1942 నాటి ఇషాపూర్ .303 లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిల్ రూ. 1,80,000 పెట్టి కొన్నాను. ‘పక్కా ఒరిజినల్, అన్ని నంబర్లూ మ్యాచింగ్, ఫైరింగ్ పిన్ తీసేశాం, లైసెన్స్ అక్కర్లేదు’ అని వాట్సాప్‌లో రాశాడు. బిల్లులో మాత్రం ‘అలంకరణ వస్తువు’ అని ఉంది. పోయిన నెల మాజీ సైనికుడైన మిత్రుడొకరు చూసి, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కదిలే భాగం) మీద నంబరు వేరే ఉందని, ఎఫ్‌టీఆర్ ముద్ర కూడా ఉందని, ఇది భాగాలు మార్చి బాగుచేసిన రైఫిలని చెప్పారు. వ్యాపారిని అడిగితే ‘బోల్ట్ కొరియర్ చేయండి, నంబరు కొట్టించి పంపిస్తా’ అంటున్నాడు. తాతగారి పేరు చెప్పుకుని మోసపోయానని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా? అసలుది కాదని ఎలా రుజువు చేయాలి?

జవాబు: మీ ఉత్తరమంతా అసలుదా, కాదా అన్న దాని చుట్టూనే తిరిగింది. కేసును తేల్చేది అది కాదు. ఫైరింగ్ పిన్ తీసేశారు కాబట్టి లైసెన్స్ అక్కర్లేదు అని మధ్యలో ఒక మాట రాశారు చూడండి, అదీ అసలు విషయం. ఆ మాట ఎవరు చెప్పారు? అమ్మేవాడు. మీరు ఏ వకీలునూ అడగలేదు, పోలీసు శాఖనూ అడగలేదు. లక్షా ఎనభై వేలు చేతిలో పెట్టే ముందు చేయాల్సిన పని అదొక్కటే.

1959 ఆయుధ చట్టం 45(సి) సెక్షన్ కింద పాతకాలపు, పురావస్తు విలువ ఉన్న లేదా పాడైన ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ షరతు చూడండి. రిపేరు చేసినా, చేయకపోయినా అది తుపాకీగా పనికిరానిదై ఉండాలి. తూటాను కొట్టి పేల్చేది ఆ ఫైరింగ్ పిన్నే, అది తీసేస్తే తుపాకీ పేలదు. పిన్ మళ్లీ పెడితే? అంటే రిపేరుతో పనికొస్తుందన్నమాట. పైగా ఇది 1942 నాటిదన్నంత మాత్రాన మినహాయింపు దొరకదు. .303 సైనిక బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత), మామూలు తుపాకీల్లా స్థానికంగా లైసెన్స్ ఇచ్చేది కాదు, కేంద్ర హోం శాఖ దాకా వెళ్లాలి. 2019 సవరణ తర్వాత లైసెన్స్ లేని మామూలు తుపాకీకే 2 నుంచి 5 ఏళ్ల జైలు. నిషిద్ధ ఆయుధమని తేలితే 7 నుంచి 14 ఏళ్లు.

ఇప్పుడు మీరు వేద్దామనుకున్న ఫిర్యాదు ఊహించుకోండి. మొదటి పేరాలోనే ‘ఫలానా తేదీన .303 రైఫిల్ కొన్నాను, అది నా ఇంట్లో ఉంది’ అని ప్రమాణపత్రం మీద సంతకం పెడతారు. అవతలి వకీలు వాదించనక్కర్లేదు, ఆ కాగితం తీసుకెళ్లి స్టేషన్‌లో ఇస్తే చాలు. పైగా అమ్మకమే చట్టవిరుద్ధమైతే కాంట్రాక్ట్ చట్టం 23వ సెక్షన్ కింద ఆ ఒప్పందం చెల్లదు. చెల్లని ఒప్పందంలో ‘మ్యాచింగ్ అన్నాడు, కాలేదు’ అంటే కోర్టు వినదు.

ఇక ఆ కొరియర్ సంగతి. బోల్ట్ ఎక్కడికీ పంపకండి. దాని మీద గీత కూడా పడనివ్వకండి. తుపాకీ మీది నంబరు చెరపడం, మార్చడం, దొంగ నంబరు కొట్టడం ఆయుధ చట్టం 8వ సెక్షన్ కింద నేరం. అలా మార్చిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వాళ్లే మార్చారని చట్టం ముందే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే. ఇప్పుడు మీరు అమాయకంగా కొన్న మనిషి. బోల్ట్ వెళ్లి కొత్త నంబరుతో తిరిగొచ్చిన రోజు నుంచి ఆ వ్యాపారితో కలిసి ఫోర్జరీ చేసిన మనిషి. గుట్టుగా మీలా పాత వస్తువులు సేకరించే ఇంకొకరికి అమ్మేయడం, రాత్రికి రాత్రి భీమిలి దగ్గర సముద్రంలో పడేయడం లాంటి సలహాలు కూడా ఎవరో ఒకరు ఇస్తారు. అవీ వద్దు.

అడిగారు కాబట్టి అసలు, నకిలీ గురించి కూడా చెబుతాను. లీ-ఎన్‌ఫీల్డ్‌లో రిసీవర్ (బోల్ట్ కదిలే ప్రధాన భాగం), బ్యారెల్ (గొట్టం), బోల్ట్ పిడి, ముందు మూతి భాగం, వెనక సైట్ మీద ఒకే నంబరు ఉండాలని సేకరించేవాళ్లు చూస్తారు. బోల్ట్‌ను ఆ రిసీవర్‌కే సరిచూసి బిగిస్తారు కాబట్టి బోల్ట్ నంబరుకు ఎక్కువ విలువ. ఎఫ్‌టీఆర్ అంటే ఫ్యాక్టరీ థరో రిపేర్. ఫ్యాక్టరీయే విప్పి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ ముద్ర వేసిందని అర్థం. అది మోసం కాదు, సైన్యాల్లో మామూలే. మోసమల్లా ‘అన్నీ మ్యాచింగ్’ అని రాయడంలో ఉంది. కానీ అవతలివాళ్లు ఏమంటారు? ‘నంబర్లు కంటికి కనిపిస్తూనే ఉన్నాయి, ముద్ర పైనే ఉంది, చూసుకోవద్దన్నామా?’ అంటారు. మామూలు జాగ్రత్తతో తెలిసిపోయే విషయమైతే, తప్పుగా చెప్పారన్న కారణంతో ఒప్పందం రద్దు చేయించుకోవడం కష్టమని కాంట్రాక్ట్ చట్టం 19వ సెక్షన్ చెబుతోంది. బిల్లులో ఒరిజినల్ అన్న మాటే లేదు. దాన్ని సంతకం పెట్టి తీసుకున్నది మీరే. కాబట్టి మీ ఆధారమంతా ఆ వాట్సాప్ మెసేజ్‌లే. ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు చాలవు, 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి. ‘లైసెన్స్ అక్కర్లేదు’ అన్న మెసేజ్ మీ సదుద్దేశానికి కూడా సాక్ష్యం.

గడువు సంగతి. వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లు. కొన్న తేదీ నుంచి లెక్కిస్తే అది దాటిపోయింది. పోయిన నెలే తెలిసిందని కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, ఒప్పుకుంటారన్న భరోసా లేదు. సివిల్ దావాకు మూడేళ్లు, అంటే ఇంకా తొమ్మిది నెలలుంది. మోసం తెలిసిన రోజు నుంచి లెక్కించాలని లిమిటేషన్ చట్టం 17 కింద వాదించొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి.

చేయాల్సింది ఇదీ. ముందు ఒక క్రిమినల్ వకీలును కలవండి, అవసరమైతే ముందస్తు బెయిల్ పిటిషన్ సిద్ధం చేయించుకోండి. ఆ తర్వాత వకీలు ద్వారా లైసెన్సింగ్ అధికారికి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. ఎవరి దగ్గర, ఏ మాటలు నమ్మి కొన్నారో రాసి, బిల్లు, మెసేజ్‌లు జతచేసి, ఆయుధాన్ని స్వాధీనం చేసుకుని 45(సి) మినహాయింపు వర్తిస్తుందో లేదో నిపుణులతో పరీక్ష చేయించమని కోరండి. రసీదు లేకుండా రైఫిల్ ఇవ్వకండి. తనంతట తాను అప్పగించిన మనిషికీ, సోదాలో దొరికిన మనిషికీ కోర్టు చూపులో తేడా ఉంటుంది. అయినా కేసు పెట్టరని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

పనికిరానిదని రిపోర్టు వస్తే అప్పుడు అది నిజంగా అలంకరణ వస్తువే. తప్పుడు వర్ణన మీద పరిహారం అడగండి, రైఫిల్ హాల్లో పెట్టుకోండి. పనికొచ్చేదని వస్తే దాని మీద ఆశ వదులుకోండి. ఒప్పందం చెల్లదని తర్వాతే తెలిసిందంటూ కాంట్రాక్ట్ చట్టం 65వ సెక్షన్ కింద డబ్బు వెనక్కి అడిగే దారి, వ్యాపారి మీద మోసం ఫిర్యాదు మిగులుతాయి. ఈ లోపు అతనికి ఫోన్ చేయకండి, బెదిరించకండి, రాజీ మాటలు రాయకండి.

వకీలు దగ్గరికి బిల్లు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫోన్ తీసుకెళ్లండి. రైఫిల్ మాత్రం బండి మీద పెట్టుకుని బయల్దేరకండి.