వెంట్రుక చెప్పినంతే రాయి

నెల్లూరు

చిరంజీవికి ఆశీస్సులు.

ప్రాచీనుల వెంట్రుకల మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "ఐసోటోపులను బట్టి ఆహారం తెలుస్తుంది" అన్న ఒక్క వాక్యంతో అసలు సంగతిని దాటేశావు. ఐసోటోపులంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణు రకాలని కూడా చెప్పలేదు. పాఠకుడు ఆగి చూడవలసింది అక్కడే.

కనిగిరి దానివి కనుక మీ ఊరి నుంచే మొదలుపెట్టు. జొన్న సంగటి తిని పెరిగిన మనిషి నెల్లూరు వచ్చి వరి అన్నానికి అలవాటు పడ్డాడనుకో. గాలిలోని కార్బన్‌ను జొన్న, సజ్జ, రాగి పట్టుకునే తీరు వేరు, వరి పట్టుకునే తీరు వేరు. అందుచేత బరువైన కార్బన్-13 వాటా జొన్నలో ఎక్కువ, వరిలో తక్కువ. తల వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. కుదురు నుంచి కొస దాకా ముక్కలుగా కోసి కొలిస్తే కొసన జొన్న జాడ, కుదురు వైపు వరి జాడ కనిపిస్తాయి. ఇంత నిదానంగా రాయి.

అయితే మైపాడు సముద్రపు చేపలు రోజూ తిన్నా కార్బన్-13 వాటా జొన్న తిన్నట్టే పెరుగుతుంది. అప్పుడు నైట్రోజన్‌లో బరువైన రకం, నైట్రోజన్-15 చూడాలి. చేప దాన్ని బాగా పెంచుతుంది, జొన్న పెంచదు. జొన్నచొప్ప మేసిన గేదె పాలు తాగినవాడి వెంట్రుకలో, అతడు జొన్న ముట్టకపోయినా, ఆ జాడ కొంత ఉంటుంది. ఈ చొప్ప సంగతి నాకంటే నీకే బాగా తెలుసు; అది వ్యాసంలో లేకపోవడం వెలితిగా తోచింది.

ప్రయాణాల భాగంలో మరింత జాగ్రత్త కావాలి. డెన్మార్క్‌లో 1921లో బయటపడ్డ కంచుయుగపు ఎగ్‌ట్వెడ్ యువతి పంటిలో, 23 సెంటీమీటర్ల జుట్టులో ఉన్న స్ట్రాన్షియంను (నేల నుంచి నీళ్లు, తిండి ద్వారా ఒంట్లో చేరే మూలకం; దాని ఐసోటోపుల పాళ్లు ప్రాంతాన్ని బట్టి మారతాయి) కొలిచి, ఆమె దూరదేశంలో పుట్టి రాకపోకలు సాగించిందని 2015లో ప్రకటించారు. నేను దాన్ని తిరుగులేని సత్యంగా రాశాను. పొలాల్లో చల్లే సున్నం అక్కడి నీళ్ల స్ట్రాన్షియం విలువలను మార్చిందనీ, ఆమె ఆ చుట్టుపక్కలే జీవించి ఉండవచ్చనీ 2019లో మరో బృందం వాదించింది. అప్పటికి నా వ్యాసం అచ్చయి చాలాకాలమైంది. ఆ బాధ నాకు ఇంకా ఉంది. అందుకే నీ ప్రతిలో "ఆమె నడిచి వచ్చింది" అన్నచోట గీత గీశాను. ఏది కొలిచారో, ఏది ఊహించారో నీ క్రియాపదంలోనే తెలియాలి.

మన రాకాసి గూళ్లలోని (ప్రాచీన పెద్దరాతి సమాధులలోని) వెంట్రుకలను పరీక్షించాలన్న చివరి పేరా తీసెయ్యి. ఇక్కడి వేడికీ తేమకూ జుట్టు నిలవడం అరుదు. ఆ చోటును దక్షిణ అమెరికా అండీస్ పర్వతాల్లోని యుయాయియాకో శిఖరం మీద 1999లో గడ్డకట్టిన దేహంగా దొరికిన ఇన్‌కా కాలపు బాలికకు ఇవ్వు. మరణానికి సుమారు ఏడాది ముందు ఆమె భోజనంలో మొక్కజొన్న, మాంసం పెరిగినట్టు జుట్టు చూపింది. మొక్కజొన్న కూడా కార్బన్ లెక్కలో మన జొన్న కోవదే కనుక, నీ మొదటి పేరా దానికి సహజంగా కలుస్తుంది.

తిరగరాసిన ప్రతి సంక్రాంతిలోగా పంపు.

నీ శ్రేయోభిలాషి