పక్షి పేరు సాఫ్ట్‌వేర్ చెబితే నమ్మవచ్చా?

కిటికీ దగ్గర ఫోను పెడితే యాప్ రోజుకో కొత్త పక్షి పేరు చూపిస్తోందనీ, వాటిలో సగం మీరు ఎన్నడూ చూడనివేననీ రాశారు. వాటిని నమ్మవచ్చా, కంప్యూటర్‌లో ఇంతకన్నా మంచి సాఫ్ట్‌వేర్ ఉందా, పేర్లు ఇన్ని తెలిసినా ఒక్క కూత కూడా గుర్తుండదేమి అని అడిగారు. నా దృష్టిలో అసలు ప్రశ్న ఆఖరిదే. అయినా మొదటిదానితోనే మొదలుపెడతాను, దానికి నా దగ్గర ఒక కథ ఉంది కాబట్టి.

ఒక ఉదయం నా ఫోనులో ఒక యాప్ "షిక్రా" అని పదే పదే చూపించింది. షిక్రా అంటే పావురమంత ఉండే చిన్న డేగ. తల పైకెత్తి ఎంత వెతికినా డేగ జాడ లేదు. నేల మీద పురుగులు ఏరుకుంటున్న గోరింకలు మాత్రం బెదిరి ఒక్కసారిగా లేచిపోయాయి. మరుక్షణం తీగ మీద నుంచి చీలిన తోక ఉన్న నల్లటి పిట్ట ఒకటి కిందికి వాలి, అవి వదిలేసిన పురుగును ముక్కున కరుచుకుని తిరిగి తీగెక్కింది. ఏట్రింత! కాసేపటికి నా కళ్లెదుటే మళ్లీ గొంతు విప్పింది, ఫోను మళ్లీ షిక్రా అంది. ఏట్రింత షిక్రా గొంతును అనుకరించి గోరింకలను తరిమి వాటి తిండి కాజేస్తుందని పక్షులను పరిశీలించేవారు ఏనాడో రాసిపెట్టారు. నాకే ఆ రోజు దాకా తెలియదు. యాప్ విన్న శబ్దం తప్పు కాదు. ఆ శబ్దం ఎవరి నోటి నుంచి వస్తోందో చూడడానికి దానికి కళ్లు లేవు, అంతే. గోరింకలే మోసపోయిన చోట యాప్‌ను ఏమని తప్పుపట్టను?

ఈ సాఫ్ట్‌వేర్లు మనలా వినవు. అవి శబ్దాన్ని బొమ్మగా మార్చుకుని చూస్తాయి. ఆ బొమ్మను స్పెక్ట్రోగ్రామ్ అంటారు. ఎడమ నుంచి కుడికి కాలం, కింది నుంచి పైకి స్వరం హెచ్చు. శబ్దం ఎంత బలంగా ఉంటే గీత అంత చిక్కగా కనిపిస్తుంది. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల వారి మెర్లిన్ యాప్ 2021 నుంచి కూతలను గుర్తిస్తున్నది ఈ పద్ధతిలోనే. అదే ప్రయోగశాల, జర్మనీలోని కెమ్నిట్జ్ సాంకేతిక విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన బర్డ్‌నెట్ కూడా అంతే. బర్డ్‌నెట్ రికార్డింగును మూడేసి సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు తనకు తోచిన పేర్లు, వాటి పక్కన సున్నా నుంచి ఒకటి లోపు ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె 0.8 ఉంటే నూటికి ఎనభై పాళ్లు నిజమని చాలామంది అనుకుంటారు, మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను. అది సంభావ్యత కాదు. ఒక జాతి విషయంలో 0.4 వచ్చినా నమ్మవచ్చు, ఇంకో జాతికి 0.9 వచ్చినా అనుమానించాల్సి రావచ్చు. జాతి వారీగా మీరే కొన్ని ముక్కలు విని సరిచూసుకుంటే తప్ప ఆ అంకెకు అర్థం తేలదు.

మీకు వస్తున్న వింత పేర్ల సంగతికి వస్తాను. యాప్‌కు స్థలం, తేదీ తెలుసా లేదా అన్నది ముందుగా చూడండి. ఫోనులో లొకేషన్ అనుమతి ఆపేసి ఉంటే అది తనకు తెలిసిన పక్షులన్నింటిలోనూ వెతికి, ఏ ఖండంలోనిదో తెచ్చి మీ కిటికీ మీద వాలుస్తుంది. బర్డ్‌నెట్‌ను కంప్యూటర్‌లో నడిపేటప్పుడు అక్షాంశం, రేఖాంశం, సంవత్సరంలో ఎన్నో వారమో మనమే ఇవ్వవచ్చు. అది నెలకు నాలుగు వారాల చొప్పున ఏడాదికి 48 వారాలే లెక్కిస్తుంది, 50 అని కొట్టి తికమకపడకండి. ఇవన్నీ సరిగ్గా ఇచ్చినా వింత పేరు వస్తే, ఒక్క మూడు సెకన్ల ముక్కలోనే వచ్చిందా, పది నిమిషాల్లో పలుమార్లు వచ్చిందా గమనించండి. ఒక్కసారి కనిపించి మాయమైన పేరును నేను పట్టించుకోను.

కంప్యూటర్ అసలు ఉపయోగం పేరు చెప్పించుకోవడంలో లేదు, ఆ బొమ్మను తీరిగ్గా చూసుకోవడంలో ఉంది. అడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. రికార్డింగును తెరిచి, ట్రాక్ మెనూలో వేవ్‌ఫారం బదులు స్పెక్ట్రోగ్రామ్ ఎంచుకోండి. కార్నెల్ వారి రేవెన్ లైట్ అచ్చంగా ఈ పనికే ఉంది, అదీ ఉచితమే. రెండింటిలో ఏది బాగుందని అడిగితే మీ చేతికి ఏది అలవాటైతే అదే. ఫోనులో రికార్డు చేసేటప్పుడు మాత్రం రణగొణ ధ్వనిని తగ్గించే సదుపాయాన్ని ఆపేయండి. మనిషి గొంతును నిలిపి తక్కినదంతా తుడిచేయడం దాని పని. మనకు కావలసింది ఆ తక్కినదే.

కోకిలను తీసుకోండి. మగ కోకిల "కుహూ" తెర మీద పైకి వంగిన చిన్న కొడవలిలా పడుతుంది. వరుసగా ఏడెనిమిది సార్లు కూసినప్పుడు ఒక్కో కొడవలి ముందుదానికన్నా కాస్త పైన ఉంటుంది, మెట్లెక్కినట్టు. ఆ వరుస చూశాక, కూత కూతకూ స్వరం హెచ్చుతుందని మొదటిసారి చెవికి తెలిసింది. చిన్నప్పటి నుంచి వింటున్న కూతే, అంతకుముందు గమనించలేదు. ఇక ఆడ కోకిల గొంతు పూర్తిగా వేరు. "కిక్ కిక్ కిక్" అని గబగబా అరుస్తుంది, తెర మీద నిలువు గీతలు దువ్వెన పళ్లలా వస్తాయి. ఈ రెండూ ఒకే జాతివని తెలియక దాదాపు ఏడాది పాటు దువ్వెన గీతలను "గుర్తు తెలియని పక్షి" అని రాసుకున్నాను. చుక్కల చుక్కల గోధుమరంగు పక్షి అరుస్తుండగా స్వయంగా చూశాకే ఆ ముడి విడింది.

ఇక కూతలు గుర్తుండకపోవడం. అడగగానే పేరు దొరుకుతుంటే మనసు దాన్ని దాచుకునే శ్రమ పడదు. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: యాప్ తెరిచే ముందు నా ఊహ కాగితం మీద రాయాలి. "తెలియదు" అని రాసినా సరే, కానీ ఎందుకు తెలియలేదో ఒక వాక్యం ఉండాలి. మొదటి నెల నా ఊహలు చూస్తే నవ్వు వచ్చేది. అయితే తప్పు రాసిన పక్షి పేరు మాత్రం మళ్లీ మరిచిపోలేదు. ఆ తర్వాత అంకీ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డులు చేసుకున్నాను, ముందు వైపు కూత, వెనక వైపు పేరు. మనం మరిచిపోయే అదనుకు కార్డును మళ్లీ ముందుకు తెస్తుంది. కూతలను జెనో-కాంటో అనే పక్షి కూతల వెబ్‌సైట్ నుంచి తీసుకోండి. 2005లో మొదలైన ఈ భాండాగారంలో ఒక్కో రికార్డింగుకు నాణ్యతను బట్టి ఎ నుంచి ఇ వరకు శ్రేణి ఉంటుంది, అది పాటా, పిలుపా, హెచ్చరికా అన్నది కూడా రాసి ఉంటుంది. ఒక జాతికి ఒకే రికార్డింగు పెట్టుకుంటే మీరు నేర్చుకునేది ఆ ఒక్క పక్షినే, నాలుగైదు పెట్టుకోండి. పక్షులున్న చోట మాత్రం వాటిని స్పీకరులో గట్టిగా వినిపించవద్దు. మరో మగపక్షి తన చోటులోకి చొరబడిందనుకుని అక్కడి పక్షి గూడు వదిలి పరుగులు పెడుతుంది పాపం.

ఫొటోల విషయంలోనూ నన్ను ముంచింది షిక్రాయే. బూడిదరంగు వీపు, చారల తోక ఉన్న పక్షి ఫొటోకు ఒక సాఫ్ట్‌వేర్ షిక్రా అని పేరు పెట్టింది, నేనూ ఔనన్నాను. అది హాక్ కుకూ అనే కోకిల కుటుంబపు పక్షి. రంగు, ఎగిరే తీరు అన్నీ డేగ వేషమే. వేషం వేయనిది ముక్కు ఒక్కటి. డేగ ముక్కు కొక్కెంలా వంగి ఉంటుంది, దీనిది సన్నగా దాదాపు తిన్నగా ఉంటుంది. ఫొటోను పెద్దది చేసి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. ఈ తప్పు పట్టుకున్నది నేను కాదు. తాము గుర్తించిన పక్షుల జాబితాలను అందరూ నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నా జాబితా చూసిన ఒక స్వచ్ఛంద పరిశీలకుడు "ముక్కు మరొకసారి చూస్తారా?" అని మర్యాదగా రాశారు. 2002లో మొదలైన ఈ వేదికలో అసాధారణమైన నమోదులను అక్కడక్కడి అనుభవజ్ఞులు సరిచూస్తారు. మీరూ అందులో జాబితాలు రాయండి, కానీ యాప్ మాత్రమే విన్న పక్షిని రాయకండి. మీరు చూసినదో, మీ చెవితో గుర్తుపట్టినదో అయితేనే రాయండి.

నా కంప్యూటర్‌లో "తెలియదు" అని ఒక ఫోల్డర్ ఉంది. అందులో అన్నిటికన్నా పాతది రెండేళ్ల కిందటి రికార్డింగు: "చిప్ చిప్ చిప్" అని ఆగకుండా నాలుగు నిమిషాలు. ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో పక్షి పేరు చెప్పింది, ఒకటైతే రోజు మారితే పేరూ మార్చింది. పోయిన నెల అదే శబ్దం మళ్లీ వినిపిస్తే ఈసారి ఫోను తీయకుండా బైనాక్యులర్ తీశాను. కొమ్మ మీద ఉడుత, కింద పిల్లి. ప్రతి "చిప్"కూ ఉడుత తోక ఒకసారి ఎగిరిపడుతోంది.