వస్తుందంటున్న అప్‌డేట్ మన ఫోన్‌కి వస్తుందా?

ప్రశ్న: నా ఫోన్ ఆండ్రాయిడ్ 13తో వచ్చింది. రాబోయే వెర్షన్ ఏయే ఫోన్లకు వస్తుందో చెబుతూ రెండు జాబితాలు చక్కర్లు కొడుతున్నాయి. ఒకదాంట్లో నా మోడల్ ఉంది, ఇంకోదాంట్లో లేదు. దేన్ని నమ్మాలి?

జవాబు: రెంటినీ పక్కన పెట్టండి. కంపెనీ నోరు విప్పకముందే తిరిగే జాబితాల్లో లోపలి కబురు ఉండేది తక్కువ. పాత హామీలను ముందు పెట్టుకుని వేళ్ల మీద లెక్కేసినవే ఎక్కువ. ఆ లెక్కేదో మీరే వేసుకోవచ్చు. మోడల్ విడుదలైనప్పుడు ఉన్న వెర్షన్‌కి కంపెనీ ఇస్తానన్న పెద్ద అప్‌గ్రేడ్ల సంఖ్య కలపండి. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్23 ఆండ్రాయిడ్ 13తో వచ్చింది, నాలుగు అప్‌గ్రేడ్ల హామీ ఉంది, అంటే 17 దాకా. 2024 జనవరిలో వచ్చిన ఎస్24కి ఆ హామీ ఏడుకి పెరిగింది.

చాలామంది పప్పులో కాలేసేది తేదీ దగ్గర. ఏళ్ల లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ తొలిసారి అమ్మకానికి వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది. రెండేళ్ల తర్వాత ధర తగ్గిందని కొన్నారంటే, రెండేళ్ల అప్‌డేట్లు అప్పటికే ఖర్చయిపోయినట్టు. ఇక ‘ఇన్నేళ్లు అప్‌డేట్లు’ అని కనిపించగానే మురిసిపోకండి. కొత్త వెర్షన్లు ఎన్నేళ్లు, భద్రతా లోపాలను పూడ్చే సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎన్నేళ్లు అన్నది విడివిడిగా చూడాలి. గూగుల్ ఫోన్ పిక్సెల్ 6కి మొదట చెప్పింది మూడేళ్ల వెర్షన్లు, ఐదేళ్ల ప్యాచ్‌లు. 2024 డిసెంబరులో గూగుల్ వెర్షన్లను కూడా ఐదేళ్లకు పొడిగించింది. అలాంటిది కలిసొస్తే మంచిదే, దాన్ని నమ్ముకుని మాత్రం ఫోన్ కొనకండి.

ఐఫోన్ల విషయంలో పుకార్లు చిప్ చుట్టూ తిరుగుతాయి. అదీ సగమే నిజం. ఏ12 చిప్ ఉన్న ఎక్స్ఎస్, ఎక్స్ఆర్ ఫోన్లకు ఐఓఎస్ 18తో ఆట ముగిసింది. అదే ఏ12 ఉన్న ఎనిమిదో తరం ఐప్యాడ్‌కి మాత్రం 18 తర్వాతి వెర్షన్ అయిన ఐప్యాడ్‌ఓఎస్ 26 వచ్చింది.

ప్రశ్న: ‘కంపెనీ సర్వర్‌లో కొత్త బిల్డ్ కనిపించింది’ అని రాస్తుంటారు. అంటే అప్‌డేట్ వారం పది రోజుల్లో వస్తున్నట్టేనా?

జవాబు: కాదు. ఇంజనీర్లు పరీక్షకు ఒక కూర్పు (బిల్డ్) తయారు చేశారని మాత్రమే అర్థం. నెలల తరబడి అలాంటివి పుడుతూ, పోతూ ఉంటాయి. ఆండ్రాయిడ్‌కి శామ్‌సంగ్ వేసే తొడుగు వన్ యూఐ. దాని 7వ వెర్షన్ బీటా (విడుదలకు ముందు ప్రయత్నించి చూసే కూర్పు) 2024 డిసెంబరులో మొదలైతే, ఎస్24 ఫోన్లకు అసలు అప్‌డేట్ 2025 ఏప్రిల్‌లో గానీ రాలేదు. బీటా బయటికొచ్చాకే నాలుగు నెలలు పట్టింది, సర్వర్‌లో కనిపించినదాని సంగతి చెప్పేదేముంది!

అయితే బిల్డ్ నంబరు చదవడం తెలిస్తే పుకారు బరువెంతో తెలుస్తుంది. శామ్‌సంగ్ నంబరు చివర ‘యూ5సీవైహెచ్3’ అని ఉందనుకోండి. యూ అంటే ఫీచర్లతో కూడిన అప్‌డేట్, అక్కడ ఎస్ ఉంటే సెక్యూరిటీ ప్యాచ్ మాత్రమే. తర్వాతి 5 బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్) అంకె. సీ అనేది వెర్షన్ అక్షరం. ఫోన్ విడుదలప్పుడు ఏ, పెద్ద అప్‌గ్రేడ్ పడ్డప్పుడల్లా ఒక్కో అక్షరం ముందుకు. వై అంటే 2025 (2024కి ఎక్స్, 2023కి డబ్ల్యూ). హెచ్ ఎనిమిదో అక్షరం కాబట్టి ఆగస్టు. చివరి 3 ఆ నెల కూర్పుల్లో వరుస సంఖ్య. ‘పెద్ద అప్‌గ్రేడ్ వచ్చేస్తోంది’ అంటూ చూపిన నంబరులో వెర్షన్ అక్షరం మీ ఫోన్లో ఉన్నదే అయితే, అది మామూలు నెలవారీ అప్‌డేటే కావచ్చు.

బూట్‌లోడర్ అంకెను గుర్తు పెట్టుకోండి. మీ ఫోన్లో 5 ఉంటే, 4 ఉన్న పాత సాఫ్ట్‌వేర్ ఇక ఎక్కదు. ‘నచ్చకపోతే వెనక్కి వెళ్దాంలే’ అనుకునేవారి దారి మూసుకుపోయేది ఇక్కడే.

యాపిల్‌లో ఇంకా తేలిక. నంబరు చివర చిన్న అక్షరం ఉంటే అది సాధారణంగా బీటా. ఐఓఎస్ 18 తొలి బీటా 22ఏ5282ఎమ్, విడుదలైనది 22ఏ3354.

ప్రశ్న: రాబోయే వెర్షన్లో అద్భుతమైన ఏఐ ఫీచర్లు ఉంటాయని చదివి, ఫోన్ కొనడం వాయిదా వేశాను. సరైన పనేనా?

జవాబు: ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! 2025 తొలి నెలలంతా ‘ఐఓఎస్ 19’ అనే రాశారు. ఆ పేరుతో ఏదీ రానేలేదు. జూన్‌లో యాపిల్ ప్రకటించింది ఐఓఎస్ 26. పేరు తప్పినా, రూపురేఖలు పూర్తిగా మారతాయన్న కబురు మాత్రం నిజమైంది. ఏం తయారవుతోందో పుకార్లు బాగానే పట్టుకుంటాయి, ఎప్పుడొస్తుందో, ఎవరికొస్తుందో అన్న దగ్గరే బోల్తా పడతాయి. మరి కంపెనీ స్వయంగా చెప్పినవైనా? 2024 జూన్‌లో వేదికపై చూపిన కొత్త సిరి సామర్థ్యాలను యాపిల్ 2025 మార్చిలో వాయిదా వేసింది.

పైగా వెర్షన్ వచ్చినంత మాత్రాన ఫీచర్ రాదు. ఐఓఎస్ 18 ఐఫోన్ ఎక్స్ఆర్‌కీ వచ్చింది. అందులోని ఏఐ ఫీచర్లు, అంటే యాపిల్ ఇంటెలిజెన్స్ మాత్రం 15 ప్రో, ఆపై వాటికే. ఇవాళ ఆ ఫోన్లో ఉన్నవి మీకు సరిపోతాయనుకుంటే కొనండి, లేదంటే ఆగండి.

ప్రశ్న: అందరికంటే ముందు చూడాలని బీటా వేసుకున్నాను. బ్యాంకు యాప్ తెరుచుకోవట్లేదు. వెనక్కి రావడం ఎలా?

జవాబు: పిక్సెల్ అయితే గూగుల్ ఆండ్రాయిడ్ బీటా పేజీలో మీ ఫోన్‌ని తొలగించండి. ఒక రోజులోపు పాత వెర్షన్‌కి దించే అప్‌డేట్ ఒకటి వస్తుంది. దాన్ని వేస్తే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. తొందర లేకపోతే దాన్ని ముట్టుకోకుండా వదిలేసి, అసలు వెర్షన్ విడుదలయ్యేదాకా ఆగండి. అప్పుడు డేటా పోకుండా బీటా నుంచి బయటపడతారు.

ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్, బీటా అప్‌డేట్స్‌కి వెళ్లి ఆఫ్ చేస్తే, తర్వాత విడుదలయ్యే మామూలు అప్‌డేట్‌తో దారిలో పడుతుంది. ఇప్పుడే కావాలంటే కంప్యూటర్‌కి తగిలించి, రికవరీ మోడ్‌లో రీస్టోర్ చేయాలి. చిక్కల్లా బ్యాకప్‌ది. బీటాలో తీసిన బ్యాకప్ పాత వెర్షన్‌లోకి ఎక్కదు. అందుకే బీటా వేసేముందే కంప్యూటర్‌లో బ్యాకప్ తీసి, పైన కొత్తది పడి చెరిగిపోకుండా దాన్ని ఆర్కైవ్ చేసి ఉంచాలి. యాపిల్ వాచ్‌కి బీటా వేశారంటే, ఇంట్లో కూర్చుని వెనక్కి తేలేరు. ఉన్నది ఒక్క ఫోనే అయితే బీటా జోలికి పోవద్దనే మా మాట.

ప్రశ్న: మా స్నేహితుడిదీ నాదీ ఒకటే మోడల్. తనకి అప్‌డేట్ వచ్చి వారమైంది, నాకు రాలేదు. గూగుల్ సర్వీసెస్ ఫ్రేమ్‌వర్క్ అనే సిస్టమ్ యాప్ డేటా క్లియర్ చేస్తే వస్తుందంటున్నారు.

జవాబు: ఆ చిట్కా జోలికి పోకండి. దానివల్ల గూగుల్ దగ్గర మీ ఫోన్‌కున్న గుర్తింపు మారి, నోటిఫికేషన్లు అందకుండా పోతాయి. అప్‌డేట్‌ని ముందు కొద్దిమందికి ఇచ్చి, తేడాలేమీ రాకపోతే మిగతావారికి తెరుస్తారు. ఈలోగా 15 జీబీ ఖాళీ చేసి పెట్టుకోండి. పెద్ద అప్‌డేట్లు మధ్యలో ఆగిపోవడానికి చోటు చాలకపోవడం ఒక ముఖ్య కారణం. వేశాక ఒకట్రెండు రోజులు ఫోన్ వేడెక్కి, ఛార్జింగ్ త్వరగా దిగితే కంగారు పడొద్దు. యాప్‌లను, ఫొటోల సూచికను లోలోపల మళ్లీ సర్దుకుంటూ ఉంటుంది.

ప్రశ్న: ‘కొత్త ఆండ్రాయిడ్ ముందుగానే పొందండి’ అంటూ వచ్చిన లింకులో ఏపీకే ఫైలు ఉంది. వేసేశాను.

జవాబు: ఏపీకే అంటే యాప్ వేసుకునే ఫైలు. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ ఆ రూపంలో రాదు. ‘సిస్టమ్ అప్‌డేట్’ అనే పేరు పెట్టుకుని మెసేజీలు, కాల్ రికార్డులు దోచుకునే యాప్‌ను 2021లో మొబైల్ భద్రతా సంస్థ జింపీరియం పరిశోధకులు బయటపెట్టారు. ముందు నెట్ ఆపేయండి. సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయని స్థితిలో) ఫోన్ తెరిచి, సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్, యాక్సెసిబిలిటీ రెండుచోట్లా ఆ యాప్‌కిచ్చిన అనుమతి తీసేశాకే అన్ఇన్‌స్టాల్ నొక్కండి, లేకపోతే అది కదలదు. పాస్‌వర్డ్‌లు మార్చేది వేరే ఫోన్ నుంచి. ఆ తర్వాత ఈ ఫోన్‌ని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.