5వ రోజుకే గుడ్లు పారేయకండి

గాజువాకలో ఇంక్యుబేటర్‌లో పెట్టిన నాటుకోడి గుడ్లకి 5వ రోజు ఫోన్ లైటు వేసినా ఏమీ కనబడలేదన్నారు కదండీ. గోధుమరంగు పెంకులోంచి అప్పటికి సరిగ్గా తెలియదు. 7వ రోజు రాత్రి చూడండి. గది చీకటి చేసి, ఎల్‌ఈడీ టార్చిని గుడ్డు వెడల్పు కొనకి, అంటే లోపల గాలి నిండిన ఖాళీ (గాలి గది) ఉండే వైపు ఆనించి, పక్కల నుంచి వెలుగు పోకుండా వేళ్లతో మూయండి. నల్లటి చుక్క, చుట్టూ సాలెగూడులా రక్తనాళాలు కనిపిస్తే పిల్ల ఎదుగుతున్నట్టే. ఎర్రటి వలయం ఒక్కటే ఉంటే పిండం చనిపోయింది, వెంటనే తీసేయండి. ఉంచితే కుళ్లి పగిలి పక్క గుడ్లనీ పాడుచేస్తుంది. అంతా తేటగా ఉన్నవాటిని మాత్రం 10వ రోజు మళ్లీ చూశాకే తీయండి.

విశాఖ సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, దాంతో గుడ్డులోని నీరు సరిగ్గా ఆవిరవక గాలి గది చిన్నగానే ఉండిపోవచ్చు. 14వ రోజుకి గాలి గది పెరగకపోతే ట్రేలో నీళ్లు తగ్గించండి.