కొత్తగా ఆశా పనిలో చేరిన అమ్మాయికి

అమ్మాయీ,

నిన్ను మన ఊరి ఆశాగా తీసుకున్నారని మీ అత్తగారు చెప్పింది. చాలా సంతోషం. ఏఎన్‌ఎం నర్సుగా రిటైరైనా నా మనసు ఇంకా ఆ ఇళ్ల చుట్టూనే తిరుగుతోంది, అందుకే ఈ ఉత్తరం.

టీకాలు, టీబీ మందులు, ముప్పై దాటినవాళ్లకి బీపీ, షుగర్ పరీక్షలు, జ్వరాల సర్వే, ఇవన్నీ శిక్షణలో చెప్తారు. మొదట్లో టెన్షన్‌గానే ఉంటుంది, మెల్లగా అలవాటైపోతుంది. నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: బాలింత ఇంటికి వెళ్లడం మాత్రం ఎగ్గొట్టకు. ఆస్పత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్లాలి. ఇంట్లో కాన్పయితే మొదటి రోజు కూడా. పసిబిడ్డల ప్రాణానికి మొదటి నెలే గండం, అందులోనూ మొదటి వారం. ఫోన్ చేసి అడిగితే ఎవరైనా "బాగానే ఉందండీ" అనే అంటారు. ఆ మాట మీద రిజిస్టర్ నింపొద్దు.

వెళ్లగానే ముందు సబ్బుతో చేతులు కడుక్కో. తల్లిని పాలు పట్టమని, బిడ్డ ఎలా చప్పరిస్తోందో చూడు. తర్వాత బిడ్డ పొట్ట మీద, పాదాల మీద చెయ్యి పెట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే చలి పట్టిందన్నమాట. వెంటనే తల్లి గుండెలకి ఆనించి, పైన దుప్పటి కప్పించు. పొట్ట కూడా చల్లబడితే ఆస్పత్రికే. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు బట్ట పైకి తీసి, పొట్ట లేచి పడటం చూస్తూ ఊపిరి లెక్కపెట్టు. నిమిషం మొత్తం లెక్కపెట్టాలి. అర నిమిషం చూసి రెట్టింపు చేస్తే కుదరదు, పసివాళ్ల ఊపిరి ఒక్క తీరుగా ఉండదు. 60 గానీ, అంతకు మించి గానీ వస్తే మళ్లీ లెక్కపెట్టు. మళ్లీ అంతే ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగడం మానేసినా, రేపు చూద్దాం అనొద్దు. అక్కడి నుంచే 108కి ఫోన్ చెయ్యి.

బొడ్డుకి పసుపు, నూనె ఏమీ రాయనివ్వకు. బిడ్డకి ఆముదం పోయడం, పథ్యం పేరుతో బాలింతకి నీళ్లు కూడా తగ్గించెయ్యడం ఇంకా పోలేదు. మామ్మలతో వాదానికి దిగితే రెండోసారి నిన్ను లోపలికి రానివ్వరు. బిడ్డను వెచ్చగా ఉంచే బాధ్యత ఆ మామ్మకే అప్పజెప్పి, మిగతా మాటలు మెల్లగా చెప్పు.

ఇంకోటి, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తొలి కాన్పుకి మన ఊరి కోడళ్లు పుట్టింటికి పోతారు. నీ రిజిస్టర్లో పేరు ఉంటుంది, మనిషి ఉండదు. అక్కడి ఆశాకి ఆ పిల్ల వచ్చిన సంగతే తెలియదు. ఇద్దరి మధ్యా బిడ్డను చూసే దిక్కుండదు. అందుకని ఏడో నెలలోనే అడుగు, ఏ ఊరు, ఎప్పుడు, ఎవరి ఫోన్ నంబరు అని. సీమంతం ఎప్పుడో కనుక్కుంటే ప్రయాణం ఎప్పుడో తెలిసిపోతుంది. అక్కడి ఆశాకి నువ్వే ఫోన్ చేసి అప్పజెప్పు. తల్లీబిడ్డల కార్డు సంచిలో పెట్టించడం మర్చిపోకు. అలాగే కాన్పుకి మన ఊరొచ్చిన ఆడపిల్లలు కూడా నీవాళ్లే.

ఈ సందర్శనలన్నింటికీ కలిపి కేంద్రం పెట్టిన పారితోషికం 250 రూపాయలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశపు ఆశాలందరికీ కలిపి అవార్డు ఇచ్చింది, నాకు కళ్లు చెమర్చాయి. కానీ అవార్డుతో ఇల్లు గడవదు కదా. డబ్బు సంగతి మీటింగుల్లో మొహమాటం లేకుండా అడుగు, తోటి ఆశాలతో కలిసి అడుగు.

ఆదివారం ఓసారి ఇంటికి రా. మా చిన్నమ్మాయి పురిటికొచ్చి ఉంది. ఊపిరి లెక్కపెట్టడం మా మనవడి దగ్గరే నేర్చుకుందువు గాని. సెకన్ల ముల్లున్న గడియారం తెచ్చుకో.

ఉంటాను,
మీ నర్సమ్మ